తాత డొక్కమీది వాత

మా తాత బావి దగ్గర నీళ్లు పోసుకునేటప్పుడు ఎడమ డొక్కమీద మూడు గీతలు కనిపిస్తాయి. ఒక్కొక్కటి వేలెడంత పొడవుంటుంది. చర్మం అక్కడ నున్నగా, కొంచెం తెల్లగా ఉంటుంది. చిన్నప్పుడు నేను వాటిని పులి గోళ్ల గుర్తులు అనుకునేదాన్ని. మా ఊరు పొల్లాచ్చికి అవతల, ఆనైమలై కొండల కింద ఉంది, కాబట్టి పులి అంటే ఎవరైనా నమ్ముతారు. తాత కూడా కాదని ఏనాడూ చెప్పలేదు. బడిలో స్నేహితురాళ్లకు మా తాత పులితో కొట్లాడినాడని చాలాసార్లు చెప్పుకున్నాను.

ఈ ఏడాది సోషల్ సార్ మాకు ఒక పని ఇచ్చారు. ఇంట్లో ఉన్న ఒక పాత వస్తువు తీసుకుని దాని చరిత్ర రాసుకుని రావాలి. మా తరగతిలో ఒకరు తిరగలి గురించి, ఒకరు ముత్తాత ఇత్తడి చెంబు గురించి రాశారు. నేను లేచి, "సార్, వాత వస్తువు అవుతుందా?" అని అడిగాను. అందరూ నవ్వారు. సార్ కాసేపు ఆలోచించి, "రాయి, చూద్దాం" అన్నారు.

ఆ సాయంత్రం తాతను అడిగితే మొదట మాట తప్పించాడు. తర్వాత చెప్పాడు: "పులీ లేదు గిలీ లేదు పాపా. ఇది బల్లకు పెట్టిన వాత. నాకప్పుడు ఆరో ఏడో ఏండ్లు. చలిజొరం వచ్చి వచ్చి కడుపులో బల్ల పెరిగింది. కొడవలి కొన కాల్చి పెట్టినారు."

బల్ల అంటే కూర్చునే బల్లే అనుకున్నాను. నిఘంటువు తీసి చూస్తే చెక్కపలక అనే అర్థంతో పాటు కడుపులో వచ్చే జబ్బు అని కూడా ఉంది. ఆ ఒక్క మాట పట్టుకుని అడుగుతూ పోతే మా ఇంటి జ్వరాల మందులన్నీ బయటికి వచ్చాయి. అందుకే ఈ వ్యాసంలో వాత ఒక్కటే కాదు, మందులు కూడా ఉన్నాయి.

ముందు మా వాళ్లు ఇక్కడికి ఎట్లా వచ్చారో కొంచెం చెప్పాలి. విజయనగర కాలంలో, ఆ తర్వాత మధుర నాయకుల కాలంలో తెలుగు కుటుంబాలు గుంపులు గుంపులుగా దక్షిణానికి వచ్చాయి. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మధురలో పాలన మొదలుపెట్టాడు. 1623 నుంచి 1659 వరకు తిరుమల నాయకుడు ఏలాడు. 1736లో మీనాక్షి రాణితో నాయకుల పాలన ముగిసింది. సైనికులే కాదు, సేద్యగాళ్లు, నేతవాళ్లు, తోలుపని చేసేవాళ్లు కూడా వచ్చారు. నల్లరేగడి నేలల్లో పత్తి వేసుకుని ఉండిపోయారు. రాజుల పేర్లు మనం పరీక్షకు చదువుతాం. కానీ వాళ్ల వెనుక బండ్లమీద వచ్చిన ఆడవాళ్ల చంకలో పిల్లలు ఉన్నారు కదా, ఆ పిల్లలకు దారిలో జ్వరం వస్తే ఏం చేశారు? దీని గురించి పాఠంలో ఒక్క వాక్యం కూడా లేదు.

నాకు ఇద్దరు అవ్వలు. నాన్నను కన్న అవ్వ మాతోనే ఉంది, కోయంబత్తూరు అవ్వ. అమ్మను కన్న అవ్వది మదురై పక్క తిరుమంగలం దగ్గరి పల్లె, ఆమెను మధుర అవ్వ అంటాను. ఇద్దరూ తెలుగే మాట్లాడతారు. కానీ జ్వరం మందుల దగ్గరికి వచ్చేసరికి ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. జలుబు జ్వరానికి ఆవిరి పట్టే ఆకును కోయంబత్తూరు అవ్వ వావిలాకు అంటుంది. మధుర అవ్వకు అది నొచ్చి. తెల్లపూల తుమ్మి మొక్క ఆమెకు తుంబ. సరే, మధుర అవ్వ మొత్తం తమిళంలోకి మారిపోయిందేమో అనుకుంటే అదీ కాదు. కోయంబత్తూరు అవ్వ చీందిలికొడి అనే తీగను మధుర అవ్వ చక్కగా తిప్పతీగ అంటుంది. అంటే ఒక్కొక్క ఇంట్లో కొన్ని పేర్లు నిలిచాయి, కొన్ని పోయాయి. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఇద్దరి చేత మాట్లాడించి నేను రెండు వరుసలుగా రాసుకున్నాను. మొత్తం ముప్పై ఒక్క మందులు వచ్చాయి. పదకొండింటికి ఇద్దరి దగ్గరా తెలుగు పేరు ఉంది. నాలుగింటికి ఇద్దరి దగ్గరా లేదు.

మా ఇంట్లో ఈ మందులు ఉండే చెక్కపెట్టెను అంజరపెట్టె అంటాం. అది తమిళ మాట, ఐదు గదుల పెట్టె అని అర్థం. మిరియాలు, శొంఠి, వాము, ధనియాలు, పిప్పళ్లు. పోపుకూ మందుకూ అదే పెట్టె. పిల్లకు ఒళ్లు వెచ్చబడితే అవ్వ ముందు ఆ పెట్టె తీయదు, ముందు నాలుక చూస్తుంది, తర్వాత పొట్ట తట్టి చూస్తుంది. జలుబుతో వచ్చిన జ్వరమైతే వామాకును (మధుర అవ్వకు ఇది కర్పూరవల్లి) నిప్పుసెగకు వాడ్చి రసం పిండుతుంది. తమలపాకుకు ఆముదం రాసి, దీపం మీద వెచ్చచేసి, రొమ్ముకు అంటిస్తుంది. శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేస్తుంది, అది ఎండేకొద్దీ నుదురు బిగుసుకుపోతుంది, నాకు అస్సలు ఇష్టం లేదు. అరగక వచ్చిన జ్వరమైతే ఒక పూట అన్నం మాన్పించి గంజి ఇస్తుంది. మధ్యలో ఉప్పూ మిరపకాయలతో దిష్టి కూడా తీస్తుంది, "అది మందు కాదులే, నా మనసుకు" అని తనే చెప్తుంది.

ఒళ్లంతా పొక్కులు వచ్చే జ్వరం అయితే వేరే కథ. అమ్మవారు అంటారు, వాకిట్లో వేపాకు కడతారు, మందు ఇవ్వరు. మశూచి టీకాతోనే పోయింది. 1980లో ప్రపంచమంతటా పోయిందని ప్రకటించారు. కోయంబత్తూరు నగరంలో ప్లేగు మారియమ్మన్ గుళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ పేరు చూస్తేనే జనం ఎంత భయపడ్డారో తెలుస్తుంది.

పెట్టెలో కాకుండా విడిగా, గుడ్డలో చుట్టి పెట్టే మందు ఒకటి ఉంది. అది వస. తమిళంలో వసంబు. పసిపిల్లలకు కడుపునొప్పి వచ్చినా, అజీర్ణమైనా, దానితో ఒళ్లు కాలినా ఇదే. దీపం మీద కాల్చి, రాతిమీద అరగదీసి, నాలుకకు రాసేవాళ్లు. మధుర అవ్వ దాని పేరు చీకటి పడ్డాక పలకదు. "పేరు చెప్పనిది" అంటుంది. తమిళంలో కూడా దానికి అట్లాంటి పేరే ఉందని కీళమాసి వీధి దగ్గరి నాటు మందుల అంగడాయన చెప్పాడు.

ఈ వస గురించి నాకు దొరికిన ఒక సంగతి సార్‌కు కూడా కొత్తదే. ఈస్టిండియా కంపెనీలో వైట్‌లా ఎయిన్‌స్లీ అనే డాక్టరు ఉండేవాడు. మద్రాసు రాజ్యంలో పనిచేస్తూ ఇక్కడి మందులన్నిటి మీద 1813లో మద్రాసులో ఒక పుస్తకం అచ్చువేశాడు. దాన్ని పెంచి 1826లో లండన్‌లో మెటీరియా ఇండికా అనే పేరుతో రెండు భాగాలుగా తెచ్చాడు. ఒక్కొక్క మందుకు తమిళం పేరు, తెలుగు పేరు, దక్కనీ పేరు, సంస్కృతం పేరు వరసగా ఇచ్చాడు. నేను ఫోన్‌లో రెండు వరుసలు రాసుకున్నట్టే, కాకపోతే 200 ఏండ్ల ముందు. అందులో వస దగ్గర ఏం రాశాడంటే, పిల్లల కడుపు జబ్బులకు ఇది అంత ముఖ్యమైన మందు కాబట్టి, అర్ధరాత్రి ఎవరైనా వచ్చి అడిగితే తలుపు తీసి అమ్మని అంగడివాడికి శిక్ష ఉండేదట.

నేను ఇది చదివి అవ్వకు చెప్తే ఆమె ఆశ్చర్యపోలేదు. "పిల్ల ఏడుస్తా ఉంటే తలుపు తీయకుండా ఎట్లుంటాడు?" అంది.

ఇక నేలవేము. ఇది మీ అందరికీ తెలుసు, నీలవేంబు కషాయం అంటే తమిళనాడులో తాగని పిల్ల ఉండదు. చికున్‌గున్యా వచ్చినప్పుడు, డెంగీ వచ్చినప్పుడు ప్రభుత్వమే కాచి పోసింది. సిద్ధ వైద్యం ప్రకారం దాంట్లో తొమ్మిది వస్తువులు: నేలవేము, వట్టివేరు, విళామిచ్చ వేరు, గంధపు చెక్క, చేదుపొట్ల, తుంగముస్తెలు, శొంఠి, మిరియాలు, పర్పాటకం. విళామిచ్చకు ఇద్దరు అవ్వలకూ తెలుగు పేరు రాలేదు. అది ఆ నాలుగింటిలో ఒకటి. ప్యాకెట్‌మీద ఉన్న తొమ్మిది తమిళ పేర్లు చదువుతూ ఒక్కొక్కటీ అవ్వ తెలుగులోకి మార్చి చెప్తుంటే, ఎక్కడో పోయిన చుట్టాల్ని గుర్తుపట్టినట్టు ఉండింది ఆమె ముఖం.

2017లో డెంగీ బాగా వచ్చిన సంవత్సరం నేను రెండో తరగతి. నాకూ వచ్చింది. మూడు రోజులు ఇంట్లో నేలవేము తాగాను. నాలుగో రోజు చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది. నాన్న బండిమీద ఆస్పత్రికి తీసుకుపోయాడు. ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు, ఐదు రోజులు సెలైన్ ఎక్కించారు. ఆ సంవత్సరమే నటుడు కమల్ హాసన్, పరిశోధన తేలేదాకా ఈ కషాయం పంచొద్దని తన అభిమానులకు చెప్పాడు, దానిమీద పెద్ద గొడవ జరిగింది. మా ఇంట్లోనూ జరిగింది. అవ్వ, "కషాయం వల్లనే బతికింది" అంటుంది. అమ్మ, "కషాయాన్ని నమ్ముకుని మూడు రోజులు పోగొట్టాం" అంటుంది. నేను ఇద్దరి మధ్యా కూర్చుని అన్నం తిన్నాను. డెంగీకి నేరుగా పనిచేసే మందు ఇంగ్లీషు వైద్యంలో కూడా లేదు, నీళ్లు తగ్గకుండా చూసుకోవడం, ప్రమాదం గుర్తులు కనిపెట్టడం ముఖ్యం అని డాక్టరమ్మ చెప్పింది. ఆ గుర్తులు కషాయం గ్లాసులో కనిపించవు కదా.

మళ్లీ తాత వాత దగ్గరికి వస్తాను.

1809, 1810, 1811 సంవత్సరాల్లో కోయంబత్తూరు, మధుర, దిండిగల్, తిరునెల్వేలి సీమల్లో పెద్ద జ్వరం వచ్చింది. ఎంత పెద్దదంటే మద్రాసు ప్రభుత్వం కారణాలు కనుక్కోమని ఒక సంఘాన్ని వేసింది. ఆ నివేదిక 1816లో లండన్‌లో అచ్చయింది. దాని పేరులోనే వైద్యం, భూగోళం, వ్యవసాయం మూడూ ఉన్నాయి. జ్వరం గురించిన పుస్తకానికి వ్యవసాయం ఎందుకు అని మొదట అనుకున్నాను. కానీ వాళ్లు సరిగ్గానే వెతికారు, ఒక్క అడుగు తక్కువ వేశారు అంతే. నిలిచిన నీళ్లూ చిత్తడి నేలా ఉన్నచోట జ్వరం ఉంటుందని ఆ కాలపు డాక్టర్లకు తెలుసు. కానీ చెడు గాలి వల్ల అనుకున్నారు. మలేరియా అనే మాటకు ఇటలీ భాషలో చెడు గాలి అనే అర్థం. అప్పుడు వచ్చింది ఒక్క జ్వరమా, నాలుగు జ్వరాలు కలిసి వచ్చాయా అని విడదీసి చూసే పరీక్ష కూడా లేదు.

మన ఇళ్లలో మాత్రం ఒక విధంగా విడదీశారు. వణుకుతో వచ్చి, చెమటతో దిగి, ఒకరోజు విడిచి మళ్లీ వచ్చేదాన్ని చలిజ్వరం అన్నారు. అది మానకుండా వచ్చిన పిల్లకు ఎడమ డొక్క కింద గట్టిగా చేతికి తగిలేదాన్ని బల్ల అన్నారు. మా ఊరి ఆరోగ్య కేంద్రం నర్సమ్మకు తాత వాత ఉన్నచోటు చూపించి అడిగాను. అది ప్లీహం ఉండే చోటు, మలేరియా పదేపదే వస్తే ప్లీహం వాస్తుంది అని చెప్పింది. ఒకప్పుడు డాక్టర్లు ఊళ్లకు పోయి పిల్లల్ని వరసగా నిలబెట్టి, డొక్క నొక్కి చూసి, నూటికి ఎంతమందికి ప్లీహం పెరిగిందో లెక్కపెట్టి ఆ ఊళ్లో మలేరియా ఎంత ఉందో చెప్పేవాళ్లట. అంటే మా వాళ్లు బల్ల అని పేరు పెట్టి పట్టుకున్నది నిజమైన జబ్బునే. చూసింది సరిగ్గా చూశారు. చేసింది తప్పు చేశారు. కాల్చిన కొడవలి లోపలి ప్లీహాన్ని ఏమీ చేయదు, పైన పుండు చేస్తుంది.

తాతకు వాత పెట్టక ముందు నెల రోజులు నేలవేము, తిప్పతీగ, మిరియాల కషాయం పోశారు. తగ్గలేదు. తాతకు ఒక చెల్లెలు ఉండేది. నాలుగేండ్లు. ఆ పిల్లకూ అదే జ్వరం, అదే కషాయం, అదే వాత. పుండు మానకముందే ఆ పిల్ల పోయింది. ఈ సంగతి మా నాన్నకు కూడా తెలియదు. తాత నాకు చెప్తుంటే నాన్న పక్కనే ఉండి విన్నాడు, మధ్యలో లేచి బయటికి పోయాడు.

ఆ పిల్ల పోయిన తర్వాత ముత్తాత పెద్ద కొడుకునైనా దక్కించుకోవాలని బండి కట్టుకుని పొల్లాచ్చికి పోయి డాక్టరు దగ్గర క్వినైన్ తెచ్చాడు. "నేలవేముకంటే చేదు" అంటాడు తాత. వారం పదిరోజుల్లో వణుకు ఆగింది.

ఈ క్వినైన్ కూడా చెట్టు మందే. దక్షిణ అమెరికాలో పెరిగే సింకోనా చెట్టు బెరడు నుంచి 1820లో ఫ్రాన్స్‌లో పెల్లెతియే, కావెంతూ అనే ఇద్దరు దాన్ని వేరుచేశారు. 1860 తర్వాత క్లెమెంట్స్ మార్కమ్ తెప్పించిన సింకోనా మొక్కల్ని నీలగిరుల్లో నాటారు. నడువట్టంలో క్వినైన్ తయారుచేశారు. ఆకాశం తేటగా ఉన్న రోజు కోయంబత్తూరులో మేడెక్కితే నీలగిరులు కనిపిస్తాయి. కంటికి కనిపించే కొండమీద మందు ఉంది, ఆ పిల్లకు అందలేదు. తాత చిన్నతనంలో కరువు కూడా ఉండింది. 1942లో జపాన్ జావాను పట్టుకోవడంతో ప్రపంచంలో ఎక్కువ క్వినైన్ వచ్చే చోటే చేజారిపోయింది.

దోమే దీనికి కారణమని తేలింది మన తెలుగునేలమీదే. 1880లో లావెరాన్ మలేరియా రోగి రక్తంలో క్రిమిని చూశాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే సైనిక డాక్టరు దోమ పొట్టలో దాన్ని చూశాడు. హుస్సేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడట. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. హుస్సేన్ ఖాన్‌కు అణాలు వచ్చాయి. 1953లో ప్రభుత్వం మలేరియా అదుపు కార్యక్రమం మొదలుపెట్టాక మా ఊరికీ డీడీటీ కొట్టేవాళ్లు వచ్చారు. కొట్టి గోడమీద తేదీ రాసి పోయేవాళ్లని తాతకు గుర్తుంది. ఆ తర్వాత పుట్టిన వాళ్లెవరికీ మా ఇంట్లో వాతలు లేవు.

పోయిన ఆషాఢంలో పెదనాన్న కూతురు, మా అక్క, పురుటికి వచ్చి మా ఇంట్లోనే ఉంది. బిడ్డకు రెండు నెలలు. ఒకరోజు రాత్రి పదకొండు గంటలకు బిడ్డ ఒళ్లు కాలింది, పాలు పట్టలేదు. అవ్వ లేచి గుడ్డమూట విప్పి వస తీసింది. అక్క, "నర్సమ్మ నోట్లో పెట్టొద్దనింది అవ్వా, తేనె కూడా నాకించొద్దనింది" అని ఏడుస్తా ఉంది. అవ్వకు కోపం వచ్చింది. తన ఐదుగురు పిల్లలూ ఆ వసతోనే పెరిగారు, అది నిజమే.

అప్పుడు తాత మంచంమీద నుంచి లేచాడు. ఆయనకు ఇప్పుడు 84 ఏండ్లు, రాత్రిపూట లేవడం కష్టం. చొక్కా లేదు. దీపం వెలుతురులో ఆ మూడు గీతలు నాకు కనిపించాయి. "బండి తీయరా, ఆస్పత్రికి" అని నాన్నను అరిచాడు. మా ఇంట్లో తాత అరవడం నేను అదే మొదటిసారి వినడం.

అవ్వ ఏమీ అనలేదు. వస కొమ్మును మళ్లీ చూసింది. నల్లదారం తెచ్చి, వస ముక్కకు చుట్టి, బిడ్డ చేతికి కట్టింది. పసిపిల్లలకు వస గాజు వేయడం మా వైపు మామూలే. "నోట్లో పెట్టలేదు కదా, దీనికి మీ నర్సమ్మ ఏమీ అనదు" అంది. తలుపు తనే తీసింది.

బిడ్డకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని పరీక్షలో తేలింది. వారం రోజులు ఆస్పత్రిలో ఉండి ఇంటికి వచ్చింది. చేతికి వస అట్లాగే ఉంది. ఇప్పుడు కొంచెం వదులుగా ఉండాల్సింది బిగుతైంది, దారం మార్చాలని అవ్వ అంటోంది.

ఈ వ్యాసం రాసేముందు తాతను ఆయన చెల్లెలి పేరు అడిగాను. చాలాసేపటికి చెప్పాడు. పుస్తకంలో వేయొద్దన్నాడు కాబట్టి ఇక్కడ రాయడంలేదు. నా నోట్సులో, మందుల పేర్ల రెండు వరుసల కింద, రాసి పెట్టుకున్నాను.